ఖాళీ చేతులతో పైకి

నాకు ఈత రాదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఖమ్మంలో జరిగిన ఊపిరి బిగబట్టి ఈదే పోటీల్లో, గంగక్క కోచ్ ఎవరు అన్నచోట ఉన్న సంతకం నాదే.

నేను దుమ్ముగూడెం దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పీఈటీని. నా ఆట వాలీబాల్. మాది కుసుమంచి వైపు తండా. మోకాలు దాటిన నీళ్లలోకి నేను దిగింది వానాకాలంలో మా తండా రోడ్డు మీదే. సుజాత వచ్చి కోచ్ సంతకం అడిగినప్పుడు ఈ మాటే చెప్పాను. సుజాత నా పాత విద్యార్థిని, జట్టులో మంచి సెట్టర్, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటోంది.

"ఈత మా అమ్మకు వస్తది మేడమ్. మీకు సంతకం వస్తే చాలు" అంది.

ఆ అమ్మే గంగక్క. వాళ్లది గోదావరి ఒడ్డున చిన్న కోయగూడెం. గూడెం పక్కనే పొలాలకు నీళ్లు తోడే పంపుహౌస్ ఉంది. నీళ్లు పీల్చే పైపు మూతికి, నది అడుగున, పెద్ద ఇనుప జాలి ఉంటుంది. వరద వచ్చిందంటే గడ్డి, గుడ్డలు, సిమెంటు సంచులు, ఒక ఏడాది ఎక్కడో నిమజ్జనమైన వినాయకుడి చెయ్యి, అన్నీ కొట్టుకొచ్చి ఆ జాలికి అతుక్కుంటాయి. అప్పుడు మోటారు ఆపి, ఎవరో ఒకరు మునిగి వాటిని పీకేయాలి. చాలా ఏళ్లుగా ఆ ఎవరో ఒకరు గంగక్కే. పంపుహౌస్ లేని కాలంలో ఆమె తల్లి ముత్తక్క సున్నానికి గుల్లలు ఏరేది, మునిగిన చెట్లకు చిక్కుకున్న వలలు విడిపించేది. ఆ ఇంట్లో మగవాళ్లు నీళ్ల మీద, పడవలో ఉంటారు. ఆడవాళ్లు నీళ్ల కింద ఉంటారు. ఎందుకలా అని గంగక్కను అడిగాను.

"మగోళ్లకు నోరు మూసుకొని ఉండుడు రాదు మేడమ్" అంది. ఆమె ఎప్పుడూ నవ్వదు కాబట్టి అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

గొడవంతా కొత్త ఇంజనీరు రవీందర్‌తో వచ్చింది. ఆయన చెడ్డవాడైతే నేను ఈ పాటికి నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన మంచివాడు. వేరే ఎక్కడో ఒకతను ఇలాగే మునిగి పైకి రాలేదట. అప్పటినుంచి నీళ్లలోకి మనిషి దిగుతుంటే ఈయనకు ఒడ్డు మీద చెమటలు పడుతున్నాయి.

"సర్టిఫికెట్ లేనోళ్లను నేను దింపనమ్మా" అన్నాడు గంగక్కతో. "వానలు పడేలోపు తెచ్చుకో. లేకుంటే సిలిండర్లు కట్టుకొని దిగెటోళ్లను బయటి నుంచి పిలిపిస్తం."

"కాయితం ఎవరికి చూపియ్యాలె? నీళ్లకా?"

"నాకు చూపిస్తే చాలు."

ఆ పని పోయినంత మాత్రాన గంగక్క పస్తులేం ఉండదు. మిరప చేను ఉంది, అడవిలో తునికాకు ఉంది, భర్త దూలయ్య చేపలు పడతాడు. మరి ఎందుకంత దిగులు అని అడిగాను. "చేన్ల ఉంటే పిలుస్తరు. ఇంట్ల ఉంటే పిలుస్తరు. కింద ఎవ్వలు పిలువరు మేడమ్. ఆడ ఒక్కదాన్నే ఉంట. మంచిగుంటది" అంది. పొద్దున ప్రేయర్ బెల్లు నుంచి రాత్రి హాజరు దాకా మూడు వందల మంది పిల్లలు "మేడమ్, మేడమ్" అంటుంటే బతికే మనిషిని నేను. ఆ ఒక్క మాటతో ఆమె పక్షానికి వెళ్లిపోయాను. సంతకం పెట్టాను.

పోటీ సంగతి సుజాతే ఫోన్లో చూసి పట్టుకుంది. నీళ్ల కింద ఒక్క ఊపిరితో స్విమ్మింగ్ పూల్ ఈ గోడ నుంచి ఆ గోడకు పోయిన ప్రతివాళ్లకూ సర్టిఫికెట్ ఇస్తారు. అంతకంటే ఎక్కువ పోతే బహుమతులు. రవీందర్‌కు చూపిస్తే ఇది చెల్లుతుందన్నాడు. ఆయన మొహంలో గంగక్క కంటే ఎక్కువ ఆశ కనిపించింది.

ఇక శిక్షణ మొదలుపెట్టాం. అంటే గంగక్క నదిలో మునిగేది, నేను ఒడ్డున మెట్ల మీద విజిల్ పట్టుకొని కూర్చునేదాన్ని.

"ఆ గోడ కాడ ఏముంటది మేడమ్?" అని అడిగింది మొదటి రోజు.

"ఏం ఉండదు."

"మరి ఆడికి పోవుడెందుకు?"

"పోటీ అంటే అంతే గంగక్కా. వాలీబాల్‌ల మాత్రం ఏముంది? బంతిని వాళ్ల దిక్కు కొట్టి, వాళ్లు మళ్ల మన దిక్కు కొడితే కోపం తెచ్చుకుంటం."

అది ఆమెకు సబబుగానే తోచింది. రెండో చిక్కు పైకి వచ్చాక చేయాల్సిన తంతు. తల నీళ్ల పైకి రాగానే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి జడ్జికి చూపించాలి. "ఐ యామ్ ఓకే" అని చెప్పాలి. స్పృహ ఉందో లేదో తెలియడానికి ఆ పద్ధతి. ఆలస్యమైతే ఎంత దూరం ఈదినా లెక్కలోకి రాదు. గంగక్క వారం రోజులు మిరప చేనులో కూడా సున్నా చుట్టి "ఐ యామ్ ఓకే" అంటూ తిరిగింది. దూలయ్య బెదిరిపోయి భార్యకు గాలి సోకిందేమోనని సుజాతను అడిగాడట.

ఆ రోజుల్లోనే రెండు విషయాలు గమనించాను. ఒకటి, గంగక్క ఎన్నిసార్లు మునిగినా ఏదో ఒకటి పట్టుకొనే పైకి వచ్చేది. గులకరాయి, గుప్పెడు ఇసుక, ప్లాస్టిక్ కవరు. దాన్ని మెట్టు మీద పెట్టేది. నదిని శుభ్రం చేస్తోంది కాబోలనుకొని, పిల్లలకు పరిశుభ్రత పాఠం చెప్పడానికి పనికొస్తుందని ఫోటో కూడా తీసుకున్నాను. రెండోది, సుజాత నడుము లోతు దాకా వచ్చేది గానీ ఒక్కసారి కూడా తల ముంచేది కాదు. జలుబేమో అనుకొని అడిగాను.

"అమ్మ దిగినన్ని రోజులు నేను మునుగొద్దు మేడమ్. మా ఇంట్ల ఒక్కలే దిగాలె" అంది.

సరే, ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది. మా ఇంట్లో బావ ముందు అమ్మ కుర్చీలో కూర్చోదు. ఎందుకని అమ్మనూ అడగలేదు, సుజాతనూ అడగలేదు.

ఖమ్మంలో ఆ స్విమ్మింగ్ పూల్ చూసి నాకే కళ్లు తిరిగాయి. నీళ్లు మరీ నీలంగా, అడుగున పలకలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. గంగక్క ఒడ్డున నిలబడి కిందికి చూసి, "బురద లేదు, చేప లేదు. పాపం" అంది. చీర కట్టుకొని దిగకూడదంటే ఒంటి నిండా కప్పే నల్లటి డ్రస్సు కిరాయికి తెచ్చాం. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయిలు రెండు కాళ్లకూ కలిపి చేపతోకలాంటిది తొడుక్కుంటున్నారు. గంగక్క వాళ్లను జాలిగా చూసింది.

"గంత మంచిగ ఈదే పిల్లలకు కాళ్లు ఎందుకు కట్టేసిన్రు మేడమ్?"

ప్రధాన జడ్జి పేరు పద్మప్రియ. ఒకప్పుడు ఈతలో పతకాలు గెలిచిన మనిషి. ఒక చేతిలో తెల్ల కార్డు, ఒక చేతిలో ఎర్ర కార్డు పెట్టుకొని కూర్చుంది. తెల్లదైతే పాసు, ఎర్రదైతే ఇంటికి. గంగక్క పేరు పిలిచారు. నేను ఊరికే ఉండలేక విజిల్ ఊదాను. విజిల్ ఊదే హక్కు నాకు లేదని ఎవరో వచ్చి చెప్పారు.

గంగక్క మునిగింది. తొందర లేకుండా, బియ్యం ఆరబోయడానికి పోతున్న మనిషిలా పోయి ఆవలి గోడ ముట్టుకుంది. అక్కడికే సర్టిఫికెట్ వచ్చేసినట్టు. నేను ఎగిరి గంతేశాను. ఆమె వెనక్కి తిరిగి ఈవలి గోడ దాకా కూడా వచ్చేసింది. ఇక తల ఎత్తుతుందనుకుంటే ఎత్తలేదు. అడుగుకు పోయింది. చెవికమ్మ పోగొట్టుకున్నదానిలా పలకలన్నీ తడమడం మొదలుపెట్టింది. ఈ మూల, ఆ మూల. కాపలాగా నీళ్లలో ఉన్న ఇద్దరు కుర్రవాళ్లు జడ్జి వైపు చూశారు. జడ్జి నా వైపు చూసింది. నేను సుజాత వైపు చూశాను. సుజాత రెండు చేతులతో మొహం కప్పుకొంది.

గంగక్క పైకి వచ్చింది. చేతిలో ఇనుప మూత ఉంది. నీళ్లు బయటికి పోయే తూముకు బిగించిన మూత అది. దాన్ని పద్మప్రియ కాళ్ల దగ్గర మర్యాదగా పెట్టింది. వేళ్లతో చక్కగా సున్నా చుట్టింది. "ఐ యామ్ ఓకే" అంది. ఆ తంతు ఆ రోజు అంత శుద్ధంగా ఇంకెవరూ చేయలేదు.

పద్మప్రియ మూతను చూసింది, గంగక్కను చూసింది, ఎర్ర కార్డు ఎత్తింది.

మూత లేని తూములో ఎవరి కాలైనా ఇరుక్కుంటే ప్రమాదమని మిగతా పోటీలు మరుసటి రోజుకు వాయిదా వేశారు. హైదరాబాద్ అమ్మాయిలు తోకలు ఒళ్లో పెట్టుకొని కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లు మా వైపు చూసిన చూపులు నేను చెప్పను. నేను జడ్జి టేబుల్ దగ్గరికి వెళ్లి గంటసేపు వాదించాను. ఈత రాని మనిషికి ఈత నియమాల మీద వాదించడంలో ఉన్న ధైర్యం ఈత వచ్చినవాళ్లకు ఉండదు. ఆఖరికి పద్మప్రియ ఆ మూతకు ఒక్క బోల్టు కూడా లేదని తనే కనిపెట్టింది. చేతితో లాగితే వచ్చే మూత పెట్టడం పూల్ చూసుకునేవాళ్ల తప్పని తేల్చింది.

"రేపు పొద్దున ఆమెకు ఇంకొక అవకాశం ఇస్తాను. కానీ పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా కనిపించాలి. గులకరాయి పట్టుకొచ్చినా ఎర్ర కార్డే" అంది.

నేను గెలిచిన సంబరంలో క్యాంటీన్‌కు పరుగెత్తి ఆ మాట చెప్పాను. గంగక్క బజ్జీ చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయింది.

"ఖాళీ చేతులతోని రాను మేడమ్."

"ఎందుకు రావు?"

సుజాత చెప్పబోయింది గానీ గంగక్క ఆపి తనే చెప్పింది. "మా ఇంట్ల దిగినామె ఏదో ఒకటి పట్టుకొనే రావాలె. ఖాళీ చేతులు చూపించిందంటే, ఇంక నాకేం వద్దు, నేను మళ్ల రాను అని గంగమ్మకు చెప్పినట్టు. మా అమ్మ ఒకనాడు గట్లనే వచ్చింది. చేతులు రెండు తెరిచి నాకు చూపించింది. తెల్లారి నేను దిగిన. మా అమ్మ సచ్చేదాక మళ్ల తల ముంచలె. బోరింగు కాడనే తానం చేసింది."

"ఇది గోదావరి కాదు గదా గంగక్కా! బ్లీచింగ్ కంపు కొట్టే తొట్టి."

"నీళ్లే గదా మేడమ్."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పోనీ ఒక చిన్న రాయి డ్రస్సులో దాచుకొని దిగు, పైకి వచ్చాక నీకు మాత్రం తెలిస్తే చాలు అన్నాను. పైనుంచి తీసుకుపోయింది కిందిది ఎట్లయితది అని అడిగింది. సుజాతను దింపుదామంటే ఆమె మునగాలన్నా ముందు తల్లి మానుకోవాలి. పైగా పేర్లు ఇచ్చే గడువు అయిపోయింది, ఇక వచ్చే ఏడాదే. సర్టిఫికెట్ రావాలంటే గంగక్క నది వదులుకోవాలి. నది వదులుకోకపోతే సర్టిఫికెట్ రాదు, అది రాకపోతే ఎలాగూ నదిలో దింపరు. రవీందర్‌ను, పద్మప్రియను, సిలిండర్లు కనిపెట్టినవాళ్లను, చివరికి గంగమ్మను కూడా తిట్టుకున్నాను. గంగక్క మాత్రం బజ్జీ తినేసి, చేతులు కడుక్కొని, తనంతట తానే జడ్జి దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పోయాను.

"అమ్మా, ఈ కాయితం ఉన్నామె ఒడ్డు మీద కూసోని, వేరేటోళ్లను దింపొచ్చునా?"

"దింపొచ్చు" అంది పద్మప్రియ. "అసలు అలాగే చేయాలి. తెలిసినవాళ్లు ఒకరు పైన ఉండి చూసుకోవాలి."

"కాయితం లేని పిల్ల దిగినా?"

"నువ్వు దగ్గరుండి చూసుకుంటే దిగొచ్చు."

"మంచిది" అంది గంగక్క. అది నాకు నియమాల గురించి అడిగిన ప్రశ్నలాగే వినిపించింది. సుజాత ఆ పూట అన్నం ముట్టుకోకపోతే మూత సంగతికి సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను.

మర్నాడు పొద్దున తూముకు కొత్త బోల్టులు మెరుస్తున్నాయి. గంగక్క దిగేముందు సుజాతతో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. సుజాత తల అడ్డంగా ఊపింది. గంగక్క ఇంకోసారి అదే మాట చెప్పి, జవాబు కోసం చూడకుండా మునిగింది.

ఆమె ఆవలి గోడకు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చేపతోకలు లేని ఆడవాళ్లలో అంత దూరం ఇంకొకరు పోలేదు. తర్వాత మధ్యలో ఆగింది. అడుగున, ఆ నీలం పలకల మీద అరచేయి ఆనించి అలా ఉండిపోయింది. దేనికోసమూ వెతకడం లేదు. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు విషయం ఎక్కలేదు. ఇదే ఆఖరిసారి కాబట్టి ఆమె అక్కడ ఉండగలిగినంతసేపు ఉండాలనుకుంటోంది. "పోనీ, ఎర్ర కార్డే రానీ, ఏదో ఒకటి పట్టుకొనిరా గంగక్కా" అని అరవాలనిపించింది. అరిచినా ఆమెకు వినబడదు. ఆమెకు అక్కడ నచ్చిందే అది.

పైకి వచ్చింది. రెండు చేతులూ తెరిచి ఎత్తింది. జడ్జి వైపు కాదు, సుజాత వైపు. సుజాత ఏడుస్తోంది. క్షణాలు గడిచిపోతున్నాయి, ఇంకాసేపు ఊరుకుంటే ఇదంతా వృథా. "చెప్పు గంగక్కా!" అని నేనే కేక పెట్టాను. ఆమె జడ్జి వైపు తిరిగింది. వేళ్లతో సున్నా చుట్టింది.

"ఐ యామ్ ఓకే" అంది.

ఆ రెండు రోజుల్లో అక్కడ ఎవరైనా చెప్పిన పచ్చి అబద్ధం అదొక్కటే. పద్మప్రియ తెల్ల కార్డు ఎత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో బహుమతి కూడా ఇచ్చారు. పేపర్లో ఫోటో పడింది, అందులో నేను మధ్యలో ఉన్నాను. మా అమ్మ తండా నుంచి ఫోన్ చేసింది.

"నువ్వు ఎవలికో ఈత నేర్పినవంట గదనే?"

"అవ్నే" అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక లేకపోయింది.

వానలు పడ్డాయి. ఆషాఢంలో గోదావరి ఎర్రబడి, ఒకరోజు జాలి మూసుకుపోయిందని కబురొస్తే బడి అయ్యాక నేనూ వెళ్లాను. రవీందర్ సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, హాయిగా ఊపిరి పీల్చుకొని, మోటారు ఆపించాడు. ఇంతలో సుజాత కొంగు బిగించి నడుముకు తాడు కట్టుకోవడం చూసి ఆయనకు మళ్లీ చెమటలు పట్టాయి.

"కాయితం ఆమెది గదా? గీ పిల్ల దిగుతుందేంది?"

"నేను చూసుకుంట సార్. అడుగున్రి, గట్ల చెయ్యొచ్చని జడ్జమ్మ చెప్పింది" అంది గంగక్క. ఆయన పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు వింటూ తల ఊపి, వచ్చి సరేనన్నాడు. దూలయ్య తాడు పట్టుకున్నాడు. సుజాత మునిగింది. ఆ ఎర్ర నీళ్లలో మనిషి దిగిన జాడ వెంటనే మాసిపోయింది.

నేను మెట్టు మీద గంగక్క పక్కన కూర్చున్నాను. ఆమె చీర పొడిగా ఉంది. ఆమెను పొడి చీరతో ఆ మెట్ల మీద చూడటం నాకు అదే మొదటిసారి. భయమైతుందా అని అడిగాను. జవాబు లేదు. కోపమొచ్చిందేమోనని మొహంలోకి చూశాను. పెదాలు బిగించి ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి.

ఎంతసేపో. రవీందర్ రెండుసార్లు గడియారం చూశాడు. తాడు కదిలింది. సుజాత తల పైకి వచ్చింది. పిడికిట్లో చిరిగిన సిమెంటు సంచి. రొప్పుతూ, దగ్గుతూ, మెట్ల దాకా వచ్చి, దాన్ని తల్లి కాళ్ల ముందు పెట్టింది. నాకు ఆనందమో దుఃఖమో తెలియని ఏడుపొచ్చి చెంగుతో ముక్కు తుడుచుకున్నాను.

గంగక్క ఇంకా ఊపిరి వదల్లేదు. సంచి వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది, అప్పుడు మెల్లగా వదిలింది.

"ఇంక శానా ఉందమ్మా కింద. మళ్ల దిగాలె" అంది సుజాత.

గంగక్క తల ఊపి, నిండుగా ఊపిరి తీసుకుంది.